రష్యాకు వచ్చి రెండు నెలలైంది, రోజంతా తెలుగులోనే గడుస్తోంది. గది మారాలా?

తొలి_మంచు

వైద్యవిద్య మొదటి సంవత్సరంలో చేరాను. మాది ఖమ్మం దగ్గర ఒక పల్లె. ఇప్పుడు ఉంటున్నది వోల్గా ఒడ్డున ఉన్న ఒక నగరంలో. మా హాస్టల్ నాలుగో అంతస్తులో ఒకటి రెండు గదులు తప్ప అన్నీ తెలుగువాళ్లవే. పొద్దున లేవగానే పక్కగది నుంచి తాలింపు వాసన వస్తుంది. తరగతి బృందంలో పన్నెండు మందిమి ఉంటే అందులో తొమ్మిది మందిమి తెలుగువాళ్లమే. భోజనం తెలుగు మెస్సులో. సరుకులు కొనడానికి వెళితే మనమే బిల్లు వేసుకునే యంత్రాలు ఉంటాయి కాబట్టి అక్కడా నోరు విప్పే పని లేదు. నిన్న పొద్దుటి నుంచి రాత్రి వరకు నేను పలికిన రష్యన్ మాటలను లెక్కపెట్టుకుంటే నాలుగు తేలాయి. అందులో రెండు సార్లు అన్నది "స్పసీబ", అంటే ధన్యవాదాలు, అన్న మాటే.

ఇంతవరకు ఇది నాకు హాయిగానే అనిపించేది. పోయిన వారం కడుపునొప్పి వచ్చి పాలిక్లినిక్‌కు వెళ్లాల్సి వచ్చినప్పుడు, మాట సాయానికి ఒక సీనియర్ అన్నను వెంట తీసుకెళ్లాను. డాక్టరుగారు ఆయననే అడిగారు, ఆయనే జవాబులు చెప్పాడు, మందుల చీటీ కూడా ఆయన చేతికే ఇచ్చారు. నొప్పి నాది, మాట ఆయనది. రేపు నేనే డాక్టరునై ఆ కుర్చీలో కూర్చోవలసినవాణ్ని కదా అనే ఆలోచన ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు.

రెండో అంతస్తులో వేరే దేశాల విద్యార్థులతో కలిసి ఉండే ఒక మంచం ఖాళీగా ఉందని తెలిసింది. మారిపోదామనుకుంటున్నానని చెబితే మా గదివాళ్లు "మేమేం తక్కువ చేశాం" అని మొహం ముడుచుకున్నారు. మూడో సంవత్సరం వరకు రష్యన్ అక్కరలేదని సీనియర్లు అంటున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

ఆవకాయ_జాడీ

గది మారండి కానీ పొయ్యి మారకండి. నేను కూడా ఇలాగే ఆవేశంగా మారిపోయి, కొత్త గదివాళ్లతో కలిసి వారం రోజులు గ్రేచ్కా తిన్నాను. దానిని ఆంగ్లంలో బక్‌వీట్ అంటారు, రుచిలో మాత్రం అది ఉడకబెట్టిన అట్టపెట్టె. ఎనిమిదో రోజున పచ్చడి కోసం మెట్లెక్కి పై అంతస్తుకు వెళ్లాను.

ఆరో_ఏడు

"మూడో సంవత్సరం వరకు అక్కరలేదు" అనే మాటను నాకూ చెప్పారు, నేనూ నమ్మాను. ఆ మాటలోని మోసం ఏమిటంటే, మూడో సంవత్సరం మొదటి రోజున భాష దానంతట అది వచ్చి మన నోట్లో కూర్చోదు.

ప్రొపెదెవ్తిక అనే పాఠ్యాంశంలో రోగిని పలకరించి, వివరం రాబట్టి, ఒంటిమీద చెయ్యి వేసి చూడడం నేర్పిస్తారు. నాకు అప్పగించిన మొదటి రోగి ఒక ముసలావిడ. "ష్తో వాస్ బెస్పకోయిత్", అంటే మిమ్మల్ని ఏమి బాధపెడుతోంది అని అడగడం బట్టీ పట్టి వెళ్లాను. అడిగాను. ఆవిడ పది నిమిషాలు ఏకధాటిగా చెప్పింది. నాకు అర్థమైనవి మూడే మాటలు: గుండె, మనవడు, బంగాళాదుంపలు. పాఠ్యపుస్తకంలో నొప్పికి "బోల్" అని ఒక్క మాటే ఉంటుంది. మంచం మీదున్న మనిషి ఎప్పుడైనా "నాకు బోల్" అని ఊరుకుంటుందా? మన అమ్మమ్మలు సలుపు, పోటు, తీపు, మంట, గుంజుడు అని ఎన్ని రకాలుగా చెబుతారో వీళ్లూ అన్ని రకాలుగా చెబుతారు. "నోయెత్" అంటే సలుపుతోంది. "కోలెత్" అంటే సూదితో పొడిచినట్టుంది. "దావిత్" అంటే బండ పెట్టి అదిమినట్టుంది. "లోమిత్" అంటే ఎముకలు విరిచేస్తున్నట్టుంది. గుండె దగ్గర "దావిత్" అన్న మాటకూ "కోలెత్" అన్న మాటకూ మధ్య ఎంత తేడా ఉందో వైద్యం చదివే మీకు నేను చెప్పనక్కరలేదు.

ఆ రోజు నాకు జచ్యోత్, అంటే ఆ పాఠం పాసైనట్టు గుర్తు, ఇవ్వలేదు. అత్రబోత్కాకు రమ్మన్నారు, అంటే తప్పిన పాఠాన్ని మళ్లీ వచ్చి అప్పజెప్పాలి. ఆ ఏడాది నేను ఎన్ని సాయంత్రాలు అలా అప్పజెప్పానో మా స్తారోస్తాకు, అదే మా బృంద నాయకురాలికి, లెక్క తెలుసు.

ఆవకాయ_జాడీ

"జ్జోత్" అంటే మంట. నేను జ్యోతి అని గుర్తు పెట్టుకున్నాను. ఇప్పటికి మరచిపోలేదు.

నూట_యాభై_చాలు

అందరూ ఒకే వైపు లాగుతున్నారు కాబట్టి రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి. నేను రష్యాలో చదివి వచ్చి ఎఫ్‌ఎంజీఈ, అంటే విదేశాల్లో వైద్యం చదివినవాళ్లు మన దేశంలో రాసే పరీక్ష, గట్టెక్కినవాణ్ని. ఆ పరీక్షలో 300 ప్రశ్నలు ఉంటాయి, 150 మార్కులు వస్తే చాలు, వాటిలో ఒక్కటి కూడా రష్యన్‌లో రాదు. 2021 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ పెట్టిన నిబంధనలు చూడండి: చదువు కనీసం 54 నెలలు ఉండాలి, ఆ పైన అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, బోధన ఆంగ్లంలో సాగాలి. బోధన ఆంగ్లంలో ఉండాలని మన దేశమే చెబుతుంటే, మొదటి ఏడాదిలో అనాటమీ, హిస్టాలజీ, లాటిన్ నెత్తిన కూర్చున్న పిల్లవాడిని రష్యన్ కోసం గది మారమనడం ఎంతవరకు సబబు?

ఇక తెలుగు అంతస్తు గురించి. 2022 మార్చిలో వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలు రష్యాలో పని ఆపేసినప్పుడు మన కార్డులు ఒక్క రాత్రిలో ప్లాస్టిక్ ముక్కలైపోయాయి. ఇంటి నుంచి డబ్బు ఎలా రావాలో తెలియని ఆ వారాల్లో మా అంతస్తులో ఎవరి దగ్గర ఎంత నగదు ఉందో కాగితం మీద రాసి, బియ్యం, నూనె ఉమ్మడిగా కొనుక్కున్నాం. నాకు జ్వరం వచ్చినప్పుడు గంజి కాచి ఇచ్చినవాడు అనంతపురం కుర్రవాడు. రెండో అంతస్తువాళ్లు మంచివాళ్లే కావచ్చు, కానీ గంజి అనే మాటను వాళ్లకు ఏ భాషలో చెబుతారు?

ఆరో_ఏడు

అన్నా, గంజి విషయంలో మీతో వాదన లేదు. నిబంధనల విషయంలో ఉంది. మీరు చెప్పిన ఆ నిబంధనల్లోనే, చదివిన దేశంలో వైద్యం చేయడానికి లైసెన్సు పొందే అర్హత ఉండాలని కూడా రాసి ఉంది. ఇక్కడ ఆ అర్హతకు పెట్టే పరీక్ష రష్యన్‌లోనే ఉంటుంది. పైగా పాఠం ఆంగ్లంలో చెప్పగలరు గాని వార్డులో రోగిని ఆంగ్లంలో మూలగమని ఎవరు ఆజ్ఞాపించగలరు? పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్‌ను గోడకు ఆనుకుని నిలబడి గడిపినవాళ్లను నేను చూశాను.

నూట_యాభై_చాలు

గోడకు ఆనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. కాదనను. అయినా ఉత్తీర్ణుణ్నయ్యాను.

నల్గొండ_అమ్మ

మా అమ్మాయి అక్కడ రెండో సంవత్సరం చదువుతోంది. తొలి_మంచు బాబూ, నీ కడుపునొప్పి ఎలా ఉంది? ఇంత చర్చలో ఎవరూ ఆ మాట అడగలేదు.

తల్లిగా నేను చెప్పేది వినండి. 2025 ఆగస్టు నుంచి అక్కడ వాట్సాప్ కాల్స్ సరిగా కలవడం లేదు. మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటారు కాబట్టి, అమ్మాయి తరగతుల నుంచి వచ్చేసరికి మాకు రాత్రి అవుతుంది. ఆ వేళకు కాల్ కలవకపోతే నేను ముందుగా మెసేజ్ పెట్టేది పక్క గదిలోని కరీంనగర్ అమ్మాయికే. ఆ అంతస్తులో మనవాళ్లు ఉన్నారన్న ధైర్యంతోనే ఇక్కడ మాకు ముద్ద దిగుతోంది. పిల్లలు భాష నేర్చుకోవాలి, కాదనడం లేదు. దానికోసం మనవాళ్లను వదిలి వెళ్లాలా అన్నదే నా సందేహం.

తొలి_మంచు

తగ్గిందమ్మా. మెస్సులో వాడిన పాత నూనె వల్ల అయి ఉంటుందని మా గదివాళ్లు తేల్చారు.

ఉత్తర_ద్వినా

నేను ఉత్తర రష్యాలోని అర్ఖంగెల్స్క్‌లో నాలుగో సంవత్సరంలో ఉన్నాను. ఇక్కడ డిసెంబరులో పగలు సుమారు 4 గంటలే. చీకట్లో తరగతికి వెళ్లి చీకట్లోనే తిరిగి వస్తాం. చలి సంగతి అందరూ చెబుతారు గాని మొదటి ఏడాది నన్ను నిజంగా కుంగదీసింది ఈ చీకటే. గది మారాలనుకునేవారు ఈ సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి. ఎందుకంటే నేను మారాను, అదీ సరిగ్గా నవంబరులో మారాను.

నా గదిలో ఒక మంగోలియా అమ్మాయి, ఒక రష్యా అమ్మాయి ఉండేవారు. ఇద్దరూ మంచివాళ్లు. మంచు మీద పాదం పూర్తిగా ఆనించి, పొట్టి అడుగులతో, చేతులు జేబుల్లో పెట్టుకోకుండా నడవాలని రష్యా అమ్మాయే నేర్పింది. ఇంటి దగ్గర కొనుక్కొచ్చిన బూట్లను చూసి నవ్వి, ఇక్కడి అంగడికి తీసుకెళ్లి మందపాటి అడుగు ఉన్నవి కొనిపించింది. ఇదంతా నాకు రష్యన్‌లోనే చెప్పింది కాబట్టి నెలన్నరలో నా చెవి తెరుచుకుంది. నోరు మాత్రం తెరుచుకోలేదు. రోజంతా అర్థం చేసుకోవడానికే ఒళ్లు అలసిపోయి, సాయంత్రానికి మాట్లాడే ఓపిక ఉండేది కాదు. సంక్రాంతి నాడు మాకు సెషన్, అంటే పరీక్షల కాలం. బయట మైనస్ ఇరవై ఆరు. ఇంట్లో అరిసెలు వండుతున్నామని అమ్మ పెట్టిన వీడియో చూసి, గదిలో ఎందుకు ఏడుస్తున్నానో వాళ్లకు చెప్పలేక, స్నానాల గదిలోకి వెళ్లి ఏడ్చాను. పండుగ కాబట్టి ఏడుస్తున్నాను అంటే ఎవరికి అర్థమవుతుంది?

ఆ తరువాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. నిద్ర కింద, భోజనం పైన. రాత్రి అన్నం మన వాళ్లతో, చదువూ పడకా కింది గదిలో. నాకు అది సరిపోయింది.

ఆవకాయ_జాడీ

"నిద్ర కింద, భోజనం పైన." ఇల్లరికం అల్లుళ్లకు కూడా ఇంత సౌకర్యం ఉండదు.

ఇంటిపేరు_ముందు

మీ చర్చ అంతా గది చుట్టూ, రోగుల చుట్టూ తిరుగుతోంది. నాకు రష్యన్ విలువ తెలిసింది నా పేరు వల్ల.

రష్యన్‌లో మన "హ" శబ్దానికి సరిపోయే అక్షరం లేదు. "ఖ"కు దగ్గరగా ఉండే అక్షరంతో ఒకరు రాస్తారు, "గ" అక్షరంతో ఇంకొకరు రాస్తారు. పాస్‌పోర్టును రష్యన్‌లోకి అనువదించి నోటరీ చేయించడం ఇక్కడికి రాగానే చేసే మొదటి పనుల్లో ఒకటి. మొదటిసారి చేయించినప్పుడు నేను "ఖరీష్" అయ్యాను. మరుసటి ఏడాది వీసా పొడిగింపు కోసం వేరే అనువాదకుడి దగ్గర చేయిస్తే "గరీష్" అయ్యాను. దానికి తోడు మన ఇంటిపేరు ముందుంటుంది, తండ్రి పేరు ఎక్కడ అని అడుగుతారు. కాగితాల్లో ఇద్దరు మనుషులు తయారయ్యారు. నా రిజిస్ట్రేషన్ కాగితం ఒకడిది, వైద్య పరీక్షల స్ప్రావ్కా, అంటే ధ్రువపత్రం, ఇంకొకడిది. ఆ రెండు కాగితాలు పట్టుకుని వరుసల్లో నిలబడిన రోజులను తలచుకుంటే ఇప్పటికీ కాళ్లు లాగుతాయి. అక్షరాలు చదవడం వచ్చి ఉంటే ఆ తప్పును అనువాదకుడి బల్ల దగ్గరే పట్టుకునేవాణ్ని. మొత్తం 33 అక్షరాలు. మన గుణింతాలు దిద్దినవాళ్లకు అవి రెండు వారాల పని.

ఇంకొక సంగతి బాధతోనే చెబుతున్నాను. ఉద్యోగాలంటూ ఇక్కడికి తీసుకొచ్చి సైన్యంలోకి పంపిన మన దేశపు యువకుల వార్తలు 2024లో అందరూ చదివారు. వాళ్ల చేత సంతకం పెట్టించిన ఒప్పందాలు రష్యన్‌లో ఉన్నాయి. చదవడం రాని కాగితం మీద సంతకం పెట్టకూడదని మొదటి ఏడాది పిల్లలకు నేను ప్రతిసారీ చెబుతాను.

నల్గొండ_అమ్మ

ఈ మాట చదివాక అమ్మాయికి ఇప్పుడే మెసేజ్ పెట్టాను.

పాత_మాస్కో

నేను 1980లలో మాస్కోలోని లుముంబా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివాను. గుడివాడ నుంచి వెళ్లాను. మాకు మొదటి సంవత్సరం మొత్తం భాషకే కేటాయించేవారు, దానిని పద్‌ఫాక్ అనేవాళ్లం. గదిలో నాతో పాటు ఒక సోవియట్ విద్యార్థి, ఒక ఇథియోపియా విద్యార్థి ఉండేవారు. మెట్రో టికెట్టు 5 కోపెక్కులు. ఇంటికి ఉత్తరం చేరడానికి వారాలు పట్టేది. కాబట్టి గది మారాలా వద్దా అనే ప్రశ్నే మాకు పుట్టలేదు. అది మా గొప్పతనమేమీ కాదు, ఏర్పాటు అలా ఉండేది.

మీలో ఎవరూ ప్రస్తావించని ఒక విషయం చెబుతాను. మన పిల్లలు రష్యన్‌ను ఆంగ్లం మీదుగా నేర్చుకుంటున్నారు, అందుకే అది కొండలా కనిపిస్తోంది. తెలుగు మీదుగా వెళ్లి చూడండి. నాకు చలిగా ఉంది అనడానికి రష్యన్‌లో "మ్న్యే హోలద్న" అంటారు, "మ్న్యే" అంటే నాకు. ఆంగ్లంలో "నేను" చలిగా ఉండాలి, ఇక్కడ మనలాగే "నాకు" చలి. నా దగ్గర పుస్తకం ఉంది అనడానికి "ఉ మిన్యా యెస్త్ క్నీగ". మాటకు మాట అదే వాక్యం. నేను విద్యార్థిని అనడానికి "యా స్తుద్యెంత్". మధ్యలో క్రియ లేదు, మనకూ లేదు. వాళ్ల ఆరు విభక్తులను చూసి ఆంగ్లం చదివినవాడు బెంబేలెత్తుతాడు గాని, కలం, కలాన్ని, కలంతో, కలానికి అని పుట్టినప్పటి నుంచి మాట చివర మార్చుకుంటూ పెరిగినవాడు ఎందుకు భయపడాలి? మాటల్లో కూడా బంధుత్వం ఉంది. "ద్వ్యేర్" అంటే ద్వారం, "అగోన్" అంటే అగ్ని, "బ్రాత్" అంటే భ్రాత, "మ్యోద్" అంటే మధువు, తేనె. మా భాషా ఉపాధ్యాయురాలికి నేను ఈ జాబితా చూపిస్తే ఆవిడ తరగతిలో అందరికీ చదివి వినిపించింది.

అందువల్ల తెలుగు అంతస్తు శత్రువని నేను అనుకోను. ఆ అంతస్తులోనే అయిదుగురు కూర్చుని, రోజుకు పది వాక్యాలు తెలుగులో అనుకుని రష్యన్‌లోకి మార్చుకుంటే, వేరే గదిలో మౌనంగా పడుకోవడం కంటే ఎక్కువ వస్తుంది.

ఉత్తర_ద్వినా

పెద్దాయనగారూ, "మౌనంగా పడుకోవడం" అన్నది నా గురించేనని తెలిసిపోయింది. కానీ "మ్న్యే హోలద్న" సంగతి నాలుగేళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు. ప్రతిసారీ ఆంగ్లంలో ఆలోచించి "యా హోలద్న" అనేదాన్ని, వాళ్లు నవ్వేవారు.

నూట_యాభై_చాలు

విభక్తుల మాట నిజమే అనిపిస్తోంది. అప్పట్లో ఎవరైనా ఇలా చెప్పి ఉంటే గోడకు కొంచెం దూరంగా నిలబడి ఉండేవాణ్ని. అయినా మొదటి సెషన్ అయ్యేవరకు గది మారవద్దనే అంటాను. అనాటమీలో ద్వోయికా వస్తే, అంటే అయిదుకు రెండే పడి తప్పితే, ఏ విభక్తీ కాపాడదు.

ఆరో_ఏడు

ఏడాది మధ్యలో గది మారడానికి కమెందాంత్, అంటే హాస్టల్ వార్డెన్, ఒప్పుకోవాలి. ఆవిడ మొదట "నెల్జ్యా" అంటుంది, అంటే కుదరదు. రెండోసారి అడిగితే "జావ్‌త్రా", అంటే రేపు రమ్మంటుంది. ఆ రేపు డెకానాట్‌లో, అంటే డీన్ ఆఫీసులో, స్ప్రావ్కా అయినా, ఇక్కడ మంచం అయినా, ఒక్క రోజుకు వచ్చేది కాదు.

తొలి_మంచు, ఈ లోపల ఒక పని చెయ్యి. కింద ద్వారం దగ్గర ప్రోపుస్క్, అంటే ప్రవేశ కార్డు, చూసే వాఖ్త్యోర్షా, అదే కాపలా ఆవిడ, ఉంటుంది కదా. కార్డు చూపించి పరిగెత్తకుండా, రోజూ సాయంత్రం ఆవిడకు ఒక్క వాక్యం చెప్పు. ఈ రోజు ఏమి తిన్నావో, ఏ పారాలో, అంటే ఏ తరగతిలో, నిద్ర వచ్చిందో, ఏదైనా సరే. ఆవిడకు పొద్దుపోదు, నీకు ఉపాధ్యాయురాలు ఖర్చు లేకుండా దొరుకుతుంది.

ఆవకాయ_జాడీ

మా వాఖ్త్యోర్షా నాతో మాట్లాడింది ఒక్కసారే. రాత్రి పదకొండు దాటాక తలుపు కొట్టినప్పుడు. ఆ మాటలు ఏ నిఘంటువులోనూ దొరకలేదు.

తొలి_మంచు

మూడు వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను. గది మారలేదు. కమెందాంత్ దగ్గర ఇంకా "జావ్‌త్రా" నడుస్తోంది. పాత_మాస్కో గారు చెప్పినట్టు మా గదిలో నలుగురం పది వాక్యాల పద్ధతి మొదలుపెట్టాం. మొదటి వారం నలుగురం ఉన్నాం, ఇప్పుడు ఇద్దరం. ఉప్మాకు ఇక్కడ దొరికే మాన్కా రవ్వ సరిపోతుందని, కందిపప్పు అయిపోతే పచ్చబఠాణీ పప్పు వాడవచ్చని కనిపెట్టింది కూడా పొట్లాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదవడం వల్లే.

వాఖ్త్యోర్షా ఆవిడకు రోజూ ఒక వాక్యం చెబుతున్నాను. మొదటి రోజు "నేను అన్నం తిన్నాను" అంటే, విభక్తి సరిచేసి, మళ్లీ చెప్పించి గాని లోపలికి వదలలేదు. మార్కెట్లో ముసలమ్మలు వేసవి మొదట్లో అమ్మే షవేల్ అనే పుల్లని ఆకు గురించి ఆవిడే చెప్పింది. శీతాకాలంలో అది ఉప్పు వేసి సీసాల్లో దొరుకుతుందట. కొని తెచ్చి పప్పులో వేశాం. అచ్చం చుక్కకూర. మా అంతస్తు మొత్తం వచ్చి రుచి చూసి వెళ్లింది, గది మారతానన్నందుకు మాట్లాడడం మానేసిన శ్రీకాకుళం మిత్రుడు కూడా.

నిన్న రాత్రి ఆవిడ కుర్చీలోంచి లేస్తూ మోకాలు పట్టుకుని "కలేన నోయెత్" అంది. అంటే మోకాలు సలుపుతోందని ఎవరినీ అడగకుండానే అర్థమైంది. తరువాత చెప్పినవాటిలో "అత్యోక్" అన్న మాట మాత్రం తెలియలేదు. ఏమిటది?

ఆరో_ఏడు

వాపు. రెండు కాళ్లకూ ఉందా, ఆ ఒక్క మోకాలికేనా, పొద్దున కూడా ఉంటుందా అని అడుగు. ఆ ప్రశ్నలు రష్యన్‌లో రాసి పంపుతాను. జవాబు ఏమి వచ్చినా పాలిక్లినిక్‌కు వెళ్లమని మాత్రమే చెప్పు. మందు పేరు చెప్పావంటే ఊరుకోను, నువ్వింకా మొదటి సంవత్సరం.

నూట_యాభై_చాలు

షవేల్ సీసా ఎలా ఉంటుందో ఒక ఫొటో పెట్టండి. ఆరేళ్లు ఉండి కూడా దాన్ని చూసిన గుర్తు లేదు.